ఒక్క బత్తాయి గింజలోంచి మూడు మొలకలు వచ్చాయి. ఇది గింజ లెక్కా, అంటు లెక్కా?

బత్తాయితోట (గుర్రంపోడు దగ్గర):

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక చేసుకుని చదవండి. మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది, మా నాయన పెట్టింది. పోయిన ఎండాకాలం మా వాడు, ఇప్పుడు పదో తరగతి, ఇంట్లో రసం తీసినప్పుడు మిగిలిన గింజలు ఏరి కడిగి, పాల ప్యాకెట్లలో మట్టి నింపి నాటాడు. బళ్లో ఏదో ప్రాజెక్టు అట. పది ప్యాకెట్లు, ప్యాకెట్‌కు ఒక్కటే గింజ. నాటేటప్పుడు నేను పక్కనే ఉన్నా కాబట్టి లెక్కలో పొరపాటు లేదు. మూడు వారాలు దాటాక మొలకలొచ్చాయి. రెండు మొలవనే లేదు, ఐదింటిలో ఒక్కో మొలక, రెండింటిలో రెండేసి, ఒకదాంట్లో ఏకంగా మూడు. మావాడు ఊరుకోడు కదా, ఆ మూడొచ్చిన ప్యాకెట్ కోసి నీళ్ళతో మట్టి మెల్లగా కడిగి చూపించాడు, మూడూ ఒకే పొట్టులోంచి బయటికొచ్చాయి. రెండు అచ్చు ఒకే తీరుగా ఉన్నాయి, మూడోది బెత్తెడు కూడా లేదు, ఆకు కూడా కాస్త సన్నగా ఉంది.

ఇప్పుడు తకరారు ఏంటంటే, పుస్తకంలో గింజ నుంచి వస్తే లైంగిక పునరుత్పత్తి, కొమ్మ నాటినా అంటు కట్టినా అలైంగిక పునరుత్పత్తి అని ఉంది. గింజ అంటే పుప్పొడి, అండం కలిస్తే ఒక పిండం, ఒక పిండానికి ఒక మొక్క. మరి ఈ మూడు ఎవరి పిల్లలు?

రెండో ప్రశ్న వాడిదే. మా తోటలో నాలుగు వందల చిల్లర చెట్లు, అన్నీ అంట్లే, ఒక చెట్టు కాయ తిన్నా ఇంకో చెట్టు కాయ తిన్నా ఒకటే రుచి. "డాడీ, అంటుతోనే ఇంత బాగా నడుస్తుంటే ఈ పువ్వు, తేనెటీగ, ఆడ, మగ, ఇదంతా ఎందుకు పెట్టుకున్నట్టు? జాతి నిలవాలంటే కొమ్మ విరిచి నాటుకుంటే పోలా?" అన్నాడు. నేను డిగ్రీ బీకాం. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి గూగుల్ చేసుకో అనకండి.


అంటునర్సరీ:

అన్నా, మొదటిదాంట్లో వింత ఏమీ లేదు, మేం రోజూ చూసేదే. బత్తాయి అంటు కట్టడానికి అడుగున జంబేరి గానీ రంగపూర్ నిమ్మ గానీ గింజ పోస్తాం కదా, ఆ నారుమడిలో ఒక్కో గింజకు రెండు మూడు మొలకలు రావడం మామూలే. నారు కాస్త ఎదిగాక వరుస పొడుగునా నడుస్తూ మరీ పొట్టివి, మరీ ఏపుగా పోయినవి, ఆకు తేడాగా ఉన్నవి పీకి అవతల పడేస్తాం. మిగతావన్నీ ఒకే తీరుగా ఉంటాయి, వాటి మీదే బత్తాయి కన్ను, అంటే కొమ్మ మీది మొగ్గ, తెచ్చి కడతాం. ఎందుకు పీకాలి అని చిన్నప్పుడు మా మామను అడిగితే "అవి తల్లి పోలిక కాదురా" అని ఊరుకునేవాడు. అసలు సంగతి టీచర్లు ఎవరైనా చెప్తారు.

అడగకపోయినా ఒక మాట. మీ తోటలో కన్ను కట్టిన చోటు మట్టిలోకి దిగిపోయిందేమో చూసుకో. పాదులు చేసేటప్పుడు కూలోళ్ళు మట్టి మొదట్లోకి ఎగదోస్తారు, బత్తాయి బెరడుకు తడి మట్టి తగిలిందంటే బంక కారడం మొదలవుతుంది.


పాలమూరు_జీవశాస్త్రం:

నర్సరీ అన్న వాళ్ళ మామ చెప్పిన ఒక్క ముక్కలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తా, మీవాడి వయసు పిల్లలకే, కాబట్టి వాళ్ళకు చెప్పినట్టే చెప్తా.

పువ్వు లోపల అండాశయం ఉంటుంది, అందులో అండాలు. ప్రతి అండం మధ్యలో ఒక చిన్న సంచి, అందులో అసలు అండకణం. పుప్పొడి వచ్చి కలిసేది దానితోనే, ఆ కలయికతో పుట్టే పిండం తల్లీ తండ్రీ ఇద్దరి పోలికలూ కలిసినది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. అయితే ఆ సంచి చుట్టూ గోడలా కొంత కణజాలం ఉంటుంది, అది పూర్తిగా తల్లి చెట్టుదే, ఆకులో బెరడులో ఉన్న కణాల్లాంటిదే. నారింజ, బత్తాయి, జంబేరి లాంటి వాటిలో ఆ గోడ కణాలు కూడా పిండాలుగా మారి గింజలోకి చొచ్చుకొస్తాయి. అంటే ఒకే గింజలో ఒక అసలు సంతానం, దాని పక్కన అచ్చంగా తల్లి ఒకటో రెండో. తినడానికి ఉండే తిండి ఒకటే, దానికోసం లోపలే పోటీ. చాలాసార్లు తల్లి నకళ్ళే గెలుస్తాయి, అసలు బిడ్డ నలిగిపోతుంది, లేదా బక్కగా బయటికొస్తుంది. దీన్ని బహుపిండత అంటారు. 1719లోనే లీవెన్‌హుక్ నారింజ గింజలో రెండు పిండాలు చూశాడు, అదే మైక్రోస్కోపు లీవెన్‌హుక్.

కాబట్టి మీ ప్యాకెట్లో ఒకే తీరుగా ఉన్న రెండూ బహుశా మీ చెట్టు నకళ్ళు. గింజ నుంచి మొలిచినా లెక్కకు అలైంగికమే. మూడోది, ఆ చిన్నది, లైంగికంగా పుట్టినది అయ్యుండొచ్చు. కంటితో చూసి గట్టిగా చెప్పలేం, డీఎన్ఏ పరీక్షతో తప్ప తేలదు. తమాషా ఏంటంటే ఆ నకళ్ళు ఎదగడానికి కూడా మామూలుగా పుప్పొడి పడాల్సిందే, పువ్వులో అసలు పెళ్ళి జరిగితేనే గింజ నిండుతుంది. పెళ్ళి పేరు చెప్పి పందిట్లోకి వచ్చి విందు తిని పోయే చుట్టాల లాగా.

మీవాడి పుస్తకం తప్పు కాదు, పదో తరగతికి అంతకన్నా అక్కర్లేదు. కానీ అన్ని గింజలూ ఒకటి కాదని వాడికి చెప్పండి. పంపర పనసలో ఈ తంతు లేదు, గింజకు ఒకే పిండం. మన కొల్లాపూర్ వైపు పండే బంగినపల్లి మామిడి టెంకలో కూడా ఒకటే. అందుకే మామిడి టెంక నాటితే తల్లి రుచి వస్తుందన్న నమ్మకం లేదు, పదేళ్ళు ఓపికపట్టి పెంచితే పీచు కాయ కాసి ఏడిపిస్తుంది. మా పెరట్లో అలాంటిది ఒకటుంది, ఉడతలు కూడా ముట్టవు.


ఊరికే_అడుగుతా:

సార్, మీరు ఇలా చెప్తే మా కాలంలో బయాలజీలో 42 మార్కులు వచ్చేవి కాదు. రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పండి. నాకూ ఎప్పట్నుంచో అదే డౌటు. మన పాలమూరు పిల్లలమర్రినే తీసుకోండి, ఏడు వందల ఏళ్ళంటారు, మూడు నాలుగెకరాలు పరుచుకుంది, గింజ లేకుండా ఊడలతోనే కదా ఇంతయ్యింది. దానికి ఆడామగా ఎందుకు?


పాలమూరు_జీవశాస్త్రం:

పిల్లలమర్రి మాట మీరే ఎత్తారు కాబట్టి, ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి అడిగే ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతా: ఈ మర్రికి పిల్లలెక్కడ? అందరూ ఊడలవైపు వేలు చూపిస్తారు. అవి పిల్లలు కాదు. కొమ్మలోంచి దిగి నేలను తాకి మానుగా లావెక్కిన వేళ్ళు, అదే చెట్టు, అదే శరీరం. పేరేమో పిల్లలమర్రి, అక్కడ కనబడేదంతా తల్లే.

అసలు పిల్లలు కావాలంటే ఊళ్ళోకి రండి. పాత గోడ పగులులో, నీళ్ళ ట్యాంకు అంచున, తాటిచెట్టు మట్టల సందులో మొలిచిన మర్రి మొలకలు చూడండి, గోరింకలూ గబ్బిలాలూ పండు తిని రెట్ట వేస్తే మొలిచినవి. వాటిలో ఏవి ఈ పెద్దమ్మ పిల్లలో, ఏవి ఇంకో మర్రి పిల్లలో ఎవరూ చెప్పలేరు. ఆ ఎర్ర పండు మనం అనుకునే పండు కాదు, లోపలికి తిరిగిన వందల పూల గుత్తి. దాని కొసన సూదిమొనంత రంధ్రం. మర్రి కోసమే పుట్టిన ఒక కందిరీగ జాతి ఉంది, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆడ కందిరీగ ఆ రంధ్రంలోంచి దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రాలేదు. తెచ్చిన పుప్పొడి కొన్ని పూలకు అంటిస్తుంది, కొన్నింటిలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలే రావు, ఆ చీకట్లోనే జతకట్టి అక్కడే పోతాయి. ఆడవి మాత్రం కొత్త పుప్పొడి మోసుకుని ఎగిరిపోయి ఒకటి రెండు రోజుల్లో ఇంకో మర్రిని వెతుక్కోవాలి. ఊడలతో హాయిగా బతకగలిగిన చెట్టు ఇంత ఖర్చు ఎందుకు పెడుతోంది మరి?

2017 డిసెంబరులో ఆ మర్రి పెద్ద కొమ్మ ఒకటి కూలింది, గుర్తుందా? చెదలు. చూడటానికి వచ్చేవాళ్ళను ఆపేసి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. రాష్ట్రమంతా ఆ ఫోటోలు చూసింది. అన్ని మానులూ ఒకటే కాబట్టి బలమూ ఒకటే, బలహీనతా ఒకటే, దగ్గు ఒకరికొస్తే ఇంటిల్లిపాదికీ వచ్చినట్టు. ట్యాంకు మీద మొలిచిన ఆ దిక్కులేని మొలకకు మాత్రం ఇంకో తండ్రి ఇచ్చిన వేరే గుణాలు ఉంటాయి. అది బతుకుతుందా అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు బతకదు, మున్సిపాలిటీ వాళ్ళే పీకేస్తారు. కానీ జాతి పందెం కాసేది దాని మీదే.


దేవరకొండ_అమ్మాయి:

సార్ చెప్పింది బాగుంది. కానీ 'వేరే గుణాలు' అన్నంత మాత్రాన లెక్క తేలదు. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఈ ప్రశ్న మీద పెద్ద పెద్దవాళ్ళే తల పట్టుకున్నారు. మీవాడు అడిగింది చిన్నపిల్లల ప్రశ్న కాదని చెప్పండి.

కోళ్ళతో చెప్తా. మామూలు పెట్ట ఒకటి, మగతో పనిలేకుండా అన్నీ పెట్టల్నే కనే జిరాక్స్ పెట్ట ఒకటి ఉన్నాయనుకోండి. రెండూ చెరి నాలుగు పిల్లల్ని పెంచి పెద్ద చేశాయి. మామూలు దాని నాలుగింట్లో సగం పుంజులు, అంటే గుడ్లు పెట్టేవి రెండే. జిరాక్స్ దానికి నాలుగూ పెట్టలే. తరం మారేకొద్దీ తేడా రెట్టింపవుతుంది, పది తరాలకు 1024 రెట్లు. పుంజు గుడ్డు పెట్టదు, వడ్లు మాత్రం సమానంగా తింటుంది. జాన్ మేనార్డ్ స్మిత్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1970లలో ఈ లెక్క బయటపెట్టి, మగవాటిని పోషించడం ఇంత దండుగైతే లోకంలో మగవి ఎందుకు మిగిలాయి అని అడిగాడు. కాబట్టి లైంగికం నిలవాలంటే దాని లాభం ఎప్పుడో వెయ్యేళ్ళకు కాదు, దాదాపు ప్రతి తరంలోనూ కనబడాలి. ఆ రెట్టింపు నష్టాన్ని అప్పటికప్పుడు పూడ్చాలి.

ఆ లాభం ఎక్కడినుంచి వస్తుందంటే ఎక్కువమంది చూపించేది రోగాల వైపు. పురుగులూ బూజులూ సూక్ష్మజీవులూ మనకన్నా తొందరగా తరాలు మారుస్తాయి. అందరికీ ఒకటే తాళం ఉంటే ఒక్క తాళంచెవి తయారుచేసుకుంటే వాటికి చాలు. పిల్లలు పుట్టినప్పుడల్లా తల్లిదండ్రుల జన్యువులు కలగలిసి తాళాలు మారుతుంటే వాటికి మళ్ళీ మొదటినుంచి పని. లీ వాన్ వాలెన్ అనే శాస్త్రవేత్త 1973లో ఉన్నచోటే నిలబడటానికి కూడా పరుగెత్తుతూనే ఉండాలి అన్నట్టుగా ఈ ఆలోచనకు పునాది వేశాడు. ఉత్త ఊహ కాదు. న్యూజిలాండ్ మంచినీళ్ళలో ఒక చిన్న నత్త ఉంటుంది, దానిలో కొన్ని ఆడవే ఆడవాటిని కనే రకం, కొన్ని ఆడామగా కలిసే రకం. కర్టిస్ లైవ్లీ అనే శాస్త్రవేత్త 1987లో చూపించింది ఏంటంటే ఒంట్లో పరాన్నజీవులు ఎక్కువున్న చోట మగ నత్తలు ఎక్కువ, రోగం తక్కువున్న చోట జిరాక్స్ రకానిదే రాజ్యం. రోగం ఉంటే మగవాటి ఖర్చు గిట్టుబాటవుతుంది, లేకపోతే లేదు.

ఇంకో కారణం కూడా చెప్తారు. జిరాక్సుకు జిరాక్సు తీస్తూ పోతే మరకలు పేరుకుంటాయి కదా, అలైంగిక జీవుల్లో పాడైన జన్యువులు అలాగే చేరుతూ పోతాయి, వెనక్కి తిరగని పళ్ళచక్రంలా. 1964లో ముల్లర్ అనే శాస్త్రవేత్త చెప్పినది ఇది. లైంగికంలో మాత్రం కొన్ని పిల్లలకు మరకలన్నీ ఒక్కచోట చేరతాయి, అవి పోతాయి, కొన్ని శుభ్రంగా పుడతాయి. వినడానికి కఠినంగా ఉంది కానీ పని జరిగేది ఇలాగే.


తుంగతో_యుద్ధం (నాగర్‌కర్నూల్):

అమ్మా, నీ లెక్క బాగుంది కానీ మా చెల్కలోకి వచ్చి చెప్పు. తుంగ ఉంది. దాని పూతలో సరిగ్గా మొలిచే గింజ కనబడటమే అరుదు. అంతా భూమిలో గడ్డల మీదే. నాగలి దున్నితే చచ్చేది పోయి ఒక్కోటి నాలుగవుతుంది, దారంతో కట్టిన పూసల్లాగా గడ్డలు, ఒకటి పీకితే ఒకటి లోపలే తెగి ఉండిపోతుంది. మా తాత దాంతో కొట్లాడి పోయాడు, మా నాయన పోయాడు, ఇప్పుడు నా వంతు. దానికి ఏ మగ తోడూ లేదు, ఏ రోగమూ రాలేదు. అలైంగికం పనికిరాదంటే నేను ఒప్పుకోను.


దేవరకొండ_అమ్మాయి:

పనికిరాదని నేను అనలేదన్నా. ఉన్నచోటును పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు, మీ తుంగే సాక్ష్యం. ఇంకో సాక్ష్యం కూడా ఇస్తా. డెల్లాయిడ్ రోటిఫర్లని నాచులో, నీళ్ళ గుంటల్లో ఉండే కంటికి ఆనని జీవులున్నాయి. వాటిలో ఇప్పటిదాకా ఎవరూ మగదాన్ని చూడలేదు, కోట్ల ఏళ్ళుగా అలాగే నడుస్తున్నాయంటారు. అవి ఎండిపోయి మళ్ళీ తడికి లేచేటప్పుడు బయటి జీవుల డీఎన్ఏ ముక్కలు కొన్ని తమలో కలుపుకున్న గుర్తులు ఉన్నాయి. అంటే పెళ్ళి మానేసినా బయటి సొత్తు మీద ఆశ చావలేదు.

మీ చెల్కలోనే తుంగ పక్కన వయ్యారిభామ కూడా ఉంటుంది కదా. అది తుంగకు పూర్తిగా ఎదురు, గడ్డ లేదు పిలక లేదు, అంతా గింజే, ఒక్క మొక్కకు వేలల్లో. తుంగ చేను వదలదు, వయ్యారిభామ రోడ్డు వెంట ఊరూరా పోతుంది. అన్నిటికన్నా తెలివైనది పేనుబంక. పత్తి ఆకు కింద చూడండి, వేడి ఊళ్ళలో అన్నీ ఆడవే, గుడ్డు కూడా లేకుండా నేరుగా పిల్లల్ని ఈనుతాయి, ఆ పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారవుతుంటుంది. వారంలో ఆకు నిండిపోయేది అందుకే. అదే పేనుబంక చలి దేశాల్లో చలికాలం ముందు మగవాటిని కూడా పుట్టించుకుని, జతకట్టి, మంచుకు తట్టుకునే గుడ్లు పెడుతుంది. రోజులు బాగుంటే జిరాక్సు, రోజులు మారుతున్నాయంటే పెళ్ళి.


తాటివనం:

మా తాటిచెట్టును మరిచారు. ఊడ లేదు, పిలక లేదు, కొమ్మ అసలే లేదు. పోతుతాడు వేరు, పరుపుతాడు వేరు. కాయలు కాసేది పరుపుతాడే. మొలిచినప్పుడు ఏది ఏదో దేవుడికే ఎరుక, గెల వేసేదాకా పన్నెండు పదిహేనేళ్ళు ఆగాల్సిందే. అయినా కల్లు రెండూ ఇస్తాయి కాబట్టి మా దగ్గర పుంజుల దండుగ లెక్క కుదరదు 😄


నడిగడ్డ_సీడుపత్తి:

ఇంతసేపూ అందరూ ప్రకృతి చేసే పెళ్ళిళ్ళ గురించి చెప్పారు, నేను చేత్తో చేసిన పెళ్ళిళ్ళ గురించి చెప్తా. మాది గద్వాల వైపు, సీడు పత్తి, అంటే రెండు రకాలు కలిపి సంకర గింజ తీసే పంట. ఎనిమిదో తరగతి నుంచి దసరా సెలవుల్లో నేను క్రాసింగ్‌కు పోయినవాణ్ణే. పోకుండా ఉండాల్సింది, అప్పట్లో అది తప్పని చెప్పేవాళ్ళు లేరు, ఆ సంగతి వేరే.

మధ్యాహ్నం దాటాక ఆడ సాళ్ళలోకి దిగాలి. రేపు పూయబోయే మొగ్గ ఏదో చూపుతోనే తెలుస్తుంది, కొస తెల్లగా ఉబ్బి ఉంటుంది. బొటనవేలి గోరుతో మొగ్గ మొదట్లో చుట్టూ గీరి, మెలితిప్పినట్టు లాగితే పూరేకులతో పాటు పుప్పొడి తొడుగు కూడా టోపీలా ఊడొస్తుంది. మధ్యలో పుల్లలాంటిది నిలబడాలి, అది విరిగితే మొగ్గ దండుగ. గుర్తుకు ఏదో ఒకటి కట్టాలి. తెల్లారి మగ సాళ్ళ నుంచి పూలు కోసుకొచ్చి, మంచు ఆరాక, ఒక్కో పువ్వును నాలుగైదు పుల్లలకు మెల్లగా రుద్దాలి. మధ్యాహ్నం దాటితే పుప్పొడి పనిచేయదు, కాబట్టి పొద్దున్నే పరుగే. రోజూ వందల మొగ్గలు, గోరు సందున పసుపు రంగు జిగట నెలంతా పోదు. మనదేశంలో మొదటి సంకర పత్తి 1970లో సూరత్‌లో వచ్చింది, హెచ్-4, సీటీ పటేల్ తీసింది. అప్పటినుంచీ మెషిన్ లేదు, ఇదే గోరు.

ఇప్పుడు తోట అన్న ప్రశ్నకు వస్తా. ఆడ సాళ్ళ రకం, మగ సాళ్ళ రకం, రెండూ వేరువేరుగా చూస్తే అంత గొప్పగా ఉండవు, కలిపితే పుట్టిన మొదటి తరం మాత్రం దుమ్ము లేపుతుంది. ఆ పత్తి గింజ దాచుకుని మరుసటి ఏడు వేస్తే? మా బావ వేశాడు, వద్దన్నా వినలేదు. ఒక చెట్టు మోకాలెత్తు, పక్కది భుజమెత్తు, ఒకటి ముందు పూస్తుంది, ఒకటి పంట తీసేసేదాకా పూయదు. పేకముక్కలు మళ్ళీ కలిపి పంచినట్టే. లైంగికం అంటే మంచి చెయ్యి ఇస్తుందని కాదు, ప్రతిసారీ కొత్తగా పంచుతుంది, అంతే. వచ్చిన మంచి చెయ్యిని అలాగే ఉంచుకోవాలంటే అంటు కావాలి. పత్తికి అంటు కుదరదు కాబట్టి ఏటా నా గోరు అరగాలి. మీ బత్తాయికి అంటు కుదురుతుంది, అదృష్టవంతులు.

ఒక మొగ్గ చూడక వదిలేసినా దానిలో సొంత పుప్పొడి పడి సెల్ఫ్ కాయ అవుతుంది. అవి కలిసి పోతే జీవోటీలో ఫెయిల్ అంటారు, గింజలు వేసి పెంచి చూసే పరీక్ష. మాకు ఒక ఏడు అలాగే అయ్యింది, అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది, ఎవరి తప్పో ఇప్పటికీ తేలలేదు.

రోగాల తాళంచెవి మాట కూడా మాకు అనుభవమే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయ తొలిచే పురుగు పని అయిపోయిందనుకున్నాం. గింజ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇంకోటి ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని, నాన్ బీటీ. ఎందుకంటే బీటీని తట్టుకునే పురుగు ఒకటో రెండో పుడితే, వాటికి జతగా ఆ నాన్ బీటీ చెట్ల మీద పెరిగిన మామూలు పురుగులు దొరకాలి, అప్పుడు వాటి పిల్లల్లో ఆ తట్టుకునే గుణం పలచబడుతుంది. పురుగుల పెళ్ళి సంబంధాలు మనం చూడాలన్నమాట. మేమేం చేశాం? ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీద పారేశాం, ఊరందరం. ఇప్పుడు గులాబీ రంగు పురుగు బీటీ కాయలో కూచుని గింజ తింటోంది.


బత్తాయితోట:

అందరికీ దండాలు. ఇంత వస్తుందనుకోలేదు. మావాడు ఫోన్ లాక్కుని మొత్తం చదివాడు, పేకముక్కల దగ్గర "డాడీ, ఇది పరీక్షలో రాయొచ్చా" అన్నాడు, వద్దన్నా. నర్సరీ అన్నా, పొద్దున్నే వెళ్ళి చూశా, పదకొండు చెట్లకు కన్ను కట్టిన చోటు మట్టిలోనే ఉంది, రెండింటికి బంక కారుతోంది. మట్టి తీయించా.

ఒక డౌటు మిగిలింది. మా తోటంతా నకళ్ళే అయితే మొట్టమొదటి బత్తాయి ఎక్కడిది?


పాలమూరు_జీవశాస్త్రం:

భలే పట్టుకున్నారు. జన్యువులు చదివాక తేలింది ఏంటంటే మనం బత్తాయి, నారింజ అని తినేవన్నీ పంపర పనస, కమలా జాతుల కలయికతో వచ్చినవే. ఎప్పుడో చైనా వైపు పువ్వుల్లో జరిగిన సంబంధం అది, ఒక్కసారి కాదు, రెండు మూడు తరాలు అటూ ఇటూ కలిసి. అలా వచ్చిన ఒకానొక మొక్క మనిషి నాలుకకు నచ్చింది. అప్పటినుంచి గింజలోని నకలుగానో, అంటుగానో అదే నడుస్తోంది. మధ్యలో అప్పుడప్పుడు ఒక కొమ్మకు దానంతట అదే చిన్న మార్పు వస్తుంది, ఆ కొమ్మ తెంపి అంటు కడితే కొత్త రకం. గింజలేని నావెల్ నారింజ అలా వచ్చిందే. పెళ్ళి మాత్రం ఆ పాతదే, మనం ఇన్ని వందల ఏళ్ళుగా ఆ కట్నమే తింటున్నాం.

అందుకే ఆ చిన్న మొలకను నర్సరీ వాళ్ళలాగా పీకెయ్యకండి. అది నిజంగా పుప్పొడితో పుట్టిందైతే మీ నాలుగు వందల చెట్లలో లేనిది దానిలో ఏదో ఒకటి ఉంటుంది. పుల్లగా కాయొచ్చు, అసలు కాయకపోవచ్చు.


అంటునర్సరీ:

సార్ చెప్పినట్టే చెయ్యండి, ఒక్కదానికి ఏం పోయింది. కాకపోతే గింజ మొక్కకు ముళ్ళు ఎక్కువ, కాపుకు ఏడెనిమిదేళ్ళు పైనే పడుతుంది. ఈ మూడింటినీ విడదీసేటప్పుడు వేర్లు తెగకుండా నీళ్ళలో నానబెట్టి తీయండి, వేరువేరు సంచుల్లో పెట్టి వారం రోజులు నీడలో ఉంచండి.


బత్తాయితోట:

నిన్న సాయంత్రమే విడదీశాం. పెద్దవి రెండూ సంచుల్లో నిలబడ్డాయి. చిన్నదానికి ఒక వేరు తెగింది, నా చెయ్యే తగిలింది, మావాడు అన్నం తినకుండా అలిగాడు. సంచి మీద మార్కర్‌తో '3' అని రాసి నీళ్ళ కుండ పక్కన పెట్టుకున్నాడు. ఈ పొద్దున చూస్తే ఆకు వాలింది కానీ ఇంకా పచ్చగానే ఉంది.

ఏం చేయాలో ఎవరైనా చెప్పండి, తొందరగా.


అంటునర్సరీ:

పైన ఒక ఆకు ఉంచి మిగతావి సగానికి కత్తిరించు. పైనుంచి ప్లాస్టిక్ గ్లాసు బోర్లించు, నీళ్ళు ఎక్కువ పోయకు. నాలుగు రోజులు గ్లాసు తీయొద్దని మీవాడికి చెప్పు.